మాట ఇవ్వని ఆంబ్రోస్

మా మార్‌స్టెడ్‌లో ఎవరైనా ఆంబ్రోస్ థర్స్‌బీ దగ్గరికి వెళ్ళి "నీకో సంగతి చెప్పాలి" అంటే చాలు, అతను టోపీ తీసి, కుడిచెయ్యి కాస్త పైకెత్తి, "ముందే చెప్తున్నాను. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వలేను. అది తెలిసీ చెప్పదలుచుకుంటే చెప్పు" అనేవాడు. తర్వాత కోటు జేబులోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసి, గడియారం చూసి, టైము వేసుకునేవాడు. వచ్చిన మనిషి సాధారణంగా ఆ పాటికి సందు మలుపు తిరిగిపోయేవాడు.

ఆ మనిషికి ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు. ఏటి మీద వంతెన పడేదాకా నలభై ఏళ్ళు పడవ నడిపాడు. పొగమంచులో తెడ్డు చప్పుడు తప్ప ఇంకేం వినిపించేది కాదు ఆ పడవలో. అంత తక్కువ మాటల మనిషి. వంతెన పడ్డాక మా చర్చిలో గంటలు కొట్టేవాళ్ళలో చేరాడు. నాలుగో గంట తాడు అతనిది. అక్కడిదాకా బాగానే ఉన్నాడు. శిక్షణ వచ్చి పాడుచేసింది.

శిక్షణ అంటే బిషప్ గారి ఆఫీసు వాళ్ళు పెట్టేది. పిల్లలకీ, ముసలివాళ్ళకీ, తమను తాము కాచుకోలేనివాళ్ళకీ ఎవరివల్లా హాని జరగకుండా చూసుకోవడం ఎలాగో నేర్పుతారు. చర్చిలో చిన్న పని చేసేవాళ్ళైనా సరే, మూడేళ్ళకోసారి కూర్చోవలసిందే. గంటలవాళ్ళు, పాటలవాళ్ళు, టీ పోసేవాళ్ళు, పూలు సర్దే నేను, శవపేటిక మీద కప్పే గుడ్డ ఇస్త్రీ చేసే పెగ్గీ కూడా. "నా గుడ్డ కిందికొచ్చేవాళ్ళకి ఇంక హాని ఏం జరుగుతుంది?" అని పెగ్గీ వాదించింది కానీ ఎవరూ వినలేదు.

అది నవంబరు మధ్యాహ్నం. హాలు కిటికీలకి పొగమంచు ఆనుకుని నిలబడింది. హీటర్లు సన్నగా మూలుగుతున్నాయి. బిషప్ ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి గొంతు ఎంత మెత్తగా ఉందంటే, దుప్పటి కప్పి జోకొడుతున్నట్టే ఉంది. గోడ మీద బొమ్మ వేసి చెప్తోంది. "మొదటిది, ఎవరైనా బాధ చెప్పుకుంటే అడ్డురాకుండా వినండి. రెండోది, రహస్యంగా ఉంచుతామని మాట ఇవ్వకండి. మూడోది, వాళ్ళన్న మాటలు వాళ్ళన్నట్టే రాసుకోండి. నాలుగోది..."

నాలుగోదానికి నేను పడవలో ఉన్నాను. హాలు హాలంతా నెమ్మదిగా కదిలి ఏట్లోకి వచ్చేసింది. నలభైమందిమీ కుర్చీల్లో అలాగే కూర్చుని ఉన్నాం. టీ కాచే పెద్ద పాత్ర మీంచి ఆవిరి పైకి లేస్తోంది, ముందు ఆంబ్రోస్ తెడ్డు వేస్తున్నాడు, నీళ్ళమీద బిస్కెట్లు తేలుతున్నాయి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. చప్పట్లకి మెలకువ వచ్చేసరికి నా ఒళ్ళో సర్టిఫికెట్ ఉంది. అందరిలాగే నేనూ పాసయ్యాను.

మొత్తం విని రాసుకున్నది ఆంబ్రోస్ ఒక్కడే. మర్నాటి నుంచీ మాకు మొదలైంది.

మొదట దొరికింది పెగ్గీ. ఫాదర్ లయనెల్ గారి యాభయ్యో పుట్టినరోజుకి ఆయనకి తెలియకుండా కేకు చేద్దామనుకుంది.

"ఆంబ్రోస్, ఆదివారం నీతో పని ఒకటుంది. ఫాదర్‌కి తెలియకూడదు."

"ముందే చెప్తున్నాను, పెగ్గీ..."

"కేకురా బాబూ, కేకు. ఇందులో హాని ఏముంది?"

"హాని ఉందో లేదో నేను తేల్చకూడదు. నువ్వన్నమాట నువ్వన్నట్టే రాయాలి. టైము పదకొండుంబావు. ఊ, చెప్పు. ఏ కేకు?"

పెగ్గీ చెప్పకుండా వచ్చేసింది. ఆదివారం కేకు ముందు ఫాదర్ నోరు తెరిచి నిలబడిపోయారు. ఆయనకి నిజంగానే ఏమీ తెలియదు. అయినా ఆంబ్రోస్ చెప్పే ఉంటాడని, ఫాదర్ నటించారని పెగ్గీ ఇప్పటికీ అంటుంది.

పాపం ఫాదర్ పరిస్థితీ అంతే. ఒకరోజు గేటు దగ్గర ఆగి, "ఆంబ్రోస్ గారూ, మీతో చిన్న మాట" అన్నారు. టోపీ లేచింది. చెయ్యి లేచింది. ఫాదర్ ఒక్క క్షణం ఆలోచించి, "ఏం లేదు, మంచు విడిచేట్టు లేదు" అన్నారు. ఆంబ్రోస్ అది కూడా రాసుకున్నాడు. ఫాదర్ అసలు ఏం చెప్పబోయారో ఆ దేవుడికే తెలియాలి.

ఆంబ్రోస్ నోరు ఆగదనడానికి మాకు రుజువు కూడా దొరికింది. గంటలవాళ్ళలో సిడ్నీ, నార్మన్ అన్నదమ్ములు. పదకొండేళ్ళుగా ఒకరికొకరు ఎదురుగా నిలబడి తాళ్ళు లాగుతూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. సిడ్నీ ఒకరోజు బీరు తాగి, తప్పు తనదేనని ఆంబ్రోస్ దగ్గర అనేశాడు. వారం తిరక్కుండా నార్మన్ రేగుపళ్ళ సారా సీసా పట్టుకుని సిడ్నీ గుమ్మం ఎక్కాడు. "చూశావా, ఊరంతా చాటేశాడు" అన్నాను నేను పెగ్గీతో. ఊరంతా అంటే ఇంకెవరు విన్నారని అప్పుడు నాకు తోచలేదు.

నాకు అలాంటి అలవాటు లేదు. నాకొక మాట చెప్తే ఇనప్పెట్టెలో పెట్టినట్టే. ఊళ్ళో సగంమంది సంగతులు నా కడుపులో ఉన్నాయి, ఒక్కటి బయటికి రాదు. ఈ విషయంలో నాకు గర్వం ఉండేది, ఉండేదని ఒప్పుకుంటున్నాను.

అంతటి నేను కూడా ఆంబ్రోస్‌కి చిక్కాను. పంటల పండగ ముందు రోజు బకెట్టు నిండా డేలియాలు మోసుకుంటూ చర్చిలోకి వస్తున్నాను. మా పెరటి డేలియాలంటే మార్‌స్టెడ్‌లో పేరు. ఆ ఏడు నత్తలు మొత్తం తినేశాయి. బకెట్టులోవి హైవే పక్క కొట్లోవి. ఆంబ్రోస్ ఎదురొచ్చి, వాటిని చూసి, "హిల్డా..." అన్నాడు. అతను పువ్వుల మీద మంచుబొట్లు బాగున్నాయనబోయాడట. నేను భయంతో బకెట్టు కింద పెట్టి మొత్తం కక్కేశాను. సగంలో అతని చెయ్యి లేచింది, "ముందే చెప్తున్నాను" అని కూడా అన్నాడు, కానీ నా నోరు ఆగితేగా. పుస్తకం బయటికొచ్చింది. పది ఇరవై అని వేశాడు.

ఇక నా అవస్థ చూడాలి. టీ దగ్గర అతను ఎవరి చెవిలో ఏమన్నా నాకు డేలియాలనే వినిపించేది. ఇద్దరు ఆడవాళ్ళు నవ్వుకుంటే కప్పు అక్కడే వదిలేసి బయటికి వచ్చేసేదాన్ని.

ఆ గొడవలో ఉండి నేను ఒకటి సరిగ్గా పట్టించుకోలేదు. పాటలవాళ్ళ వరుసలో విన్నిఫ్రెడ్ టీచర్ కుర్చీ ఖాళీగా ఉంటోంది.

టీచర్‌కి ఎనభై ఎనిమిది. మా అందరికీ అక్షరాలు నేర్పింది ఆవిడే, ఆంబ్రోస్‌కి కూడా. యాభై ఏళ్ళుగా గురువారం సాయంత్రం పాటల సాధనకి రాకుండా ఉన్నది లేదు. కళ్ళు మసకబారాక మేనకోడలు గ్లెండా వచ్చి చూసుకుంటోంది. ఏటికి అవతల రొట్టెల ఫ్యాక్టరీలో పని, పొద్దున్న వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. అడిగితే, "అత్తయ్యకి నీరసం, పడుకుంది" అనేది. ఒక గురువారం, రెండు, ఐదు. క్రిస్మస్ పాటలు మొదలయ్యాయి. టీచర్ మంద్రస్వరం లేకపోతే మా పాటలు గాల్లో తేలిపోతున్నట్టే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం వెళ్ళాను. ఆవిడ ఇల్లు సందు చివర, అక్కడి నుంచి అటు బురదమేటలే. మంచులో ఇల్లు ఉందో లేదో అన్నట్టుంది. తలుపు కొడితే కిటికీ జానెడు తెరుచుకుంది.

"తాళంచెవి ఎక్కడ పెట్టానో కనపడటం లేదే, హిల్డా."

"పర్లేదు టీచర్, ఇక్కడి నుంచే మాట్లాడతాను. ఎలా ఉన్నారు?"

ఆవిడ కిటికీ చట్రం పట్టుకుని ముందుకి వంగింది. తర్వాత, "నీకొకటి చెప్పాలి. ఎవరితోనూ అనవు కదా?" అంది.

"ఒట్టు టీచర్. చచ్చినా అనను. నా సంగతి మీకు తెలుసుగా."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. "అవును, తెలుసు" అంది. "అదే, మంచు బాగా పట్టింది. జాగ్రత్తగా వెళ్ళు." కిటికీ మూసుకుంది. పెద్దావిడ, ఏదో మరిచిపోయిందనుకుని ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను.

ఆ తర్వాత రెండో గురువారం. మేం గొంతులు సవరించుకుంటున్నాం. తలుపు తెరుచుకుంది. మంచుతోపాటు విన్నిఫ్రెడ్ టీచర్ లోపలికొచ్చింది, గ్లెండా చెయ్యి పట్టుకుని. వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, "ఏం చూస్తున్నారు? రెండో పేజీ" అంది. ఆ రోజు మా పాటకి మళ్ళీ నేల దొరికింది. నాకు ఏడుపొచ్చింది, దగ్గినట్టు నటించాను.

టీ దగ్గర ఆవిడే నన్ను పక్కకి పిలిచింది.

"తాళంచెవి పోలేదే, హిల్డా. గ్లెండా పట్టుకెళ్ళేది. అక్టోబరులో నేను తలుపు తీసుకుని, స్కూలుకి ఆలస్యమైందనుకుని బురదలోకి నడిచాను. మోకాళ్ళదాకా దిగబడ్డాను. అది చూసి పిల్ల హడలిపోయింది. అప్పటి నుంచీ తాళం. పొద్దున్న ఆరింటి నుంచి సాయంత్రం ఐదింటిదాకా. పొయ్యి వెలిగించడానికి లేదు, ఎవరైనా వస్తే తలుపు తియ్యడానికి లేదు."

"అయ్యో టీచర్, నాకు చెప్పొచ్చుగా. నేను ఒట్టు కూడా వేశాను కదా."

"అందుకే చెప్పలేదు. నీకు చెప్తే నీ కడుపులో ఉండిపోతుంది. అప్పుడు ఆ తాళం వెనక నువ్వూ నేనూ ఇద్దరం బందీలం అవుతాం."

నేను చేతిలో టీ కప్పు బల్ల మీద పెట్టేశాను.

"నువ్వొచ్చి వెళ్ళిన మర్నాడు చర్చి పత్రిక వెయ్యడానికి ఆంబ్రోస్ వచ్చాడు," అంది టీచర్. "తలుపుకి ఉత్తరాలు వేసే కంతలోంచి పిలిచాను. పాపం, ఆ మోకాళ్ళతో మెట్టు మీద కూలబడి కంతకి నోరు పెట్టి మొదలెట్టాడు, 'టీచర్ గారూ, ముందే చెప్తున్నాను, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వలేను' అని. 'ఒరేయ్ ఆంబ్రోస్, అందుకేరా నీకు చెప్తున్నాను' అన్నాను. మొత్తం రాసుకుని నాకు చదివి వినిపించాడు. రెండు తప్పులున్నాయి, దిద్దించాను."

ఆంబ్రోస్ ఆ పుస్తకం పట్టుకుని సూటిగా ఐరిస్ దగ్గరికి వెళ్ళాడట. మా చర్చిలో ఇలాంటివి చూసుకునే బాధ్యత ఆవిడది. సాయంత్రానికల్లా ఐరిస్, ఊరి కౌన్సిల్ ఆఫీసు నుంచి ఇంకొకావిడ, గ్లెండా పని నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉన్నారు. గ్లెండా తాళం తీసి, మెట్టు మీద కూర్చుని, "ఎవరో ఒకరు ఎప్పుడొస్తారా అని నేనే ఎదురుచూస్తున్నాను" అందట. ఇప్పుడు పగలు టీచర్ దగ్గర ఎవరో ఒకరం ఉంటాం. మంగళవారం నాది. గ్లెండా పాటల్లో చేరింది. శ్రుతి ఎక్కడుందో ఆ పిల్లకి దేవుడు చూపించలేదు, అయినా చేరింది.

"శిక్షణలో నాలుగో సూత్రం ఏమిటి, చెప్పు?" అంది టీచర్, పలక పట్టుకున్నప్పటి గొంతుతో.

నేను నేల చూశాను.

"నువ్వు నిద్రపోయావు. నీ పక్క కుర్చీ నాదే. 'తెలియవలసిన మనిషికే చెప్పాలి, ఇంకొకరికి చెప్పకూడదు.' అదీ నాలుగోది."

నార్మన్ ఒక్కడికే తెలియడం, ఫాదర్ కేకు ముందు నోరు తెరవడం ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. ఏడాదిగా ఆ మనిషిని నోరు ఆగనివాడని తిప్పి తిప్పి తిట్టింది నేనే. నేరుగా గంటల గదిలోకి ఎక్కాను. మెట్లు అరవై రెండు, పైకి వెళ్ళేకొద్దీ మంచు పలచబడింది. ఆంబ్రోస్ తన తాడుని గుడ్డతో తుడుస్తున్నాడు.

"ఆంబ్రోస్, నీతో ఒక మాట."

టోపీ తీశాడు.

"అబ్బ, ఆ చెయ్యి దించు. అసలు ఎందుకలా ముందే బెదరగొడతావు మనుషుల్ని?"

అతను గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "నలభై ఏళ్ళు పడవ నడిపాను, హిల్డా. ఎక్కకముందే ఏ ఒడ్డుకి వెళ్తుందో చెప్పాలి. సగం ఏరు దాటాక చెప్తే అన్యాయం కదా?"

అంత పొడుగు మాట అతని నోట నేను ఎన్నడూ వినలేదు. గొంతు తగ్గించి అడిగాను, "మరి నా డేలియాల సంగతి ఎవరికి చెప్పావు?"

ఆంబ్రోస్ ఎర్ర పుస్తకం తీసి, వేలు తడిచేసుకుని, పేజీ వెతికి నా చేతికిచ్చాడు. అక్టోబరు ఐదు, పది ఇరవై. నేనన్నది నేనన్నట్టే ఉంది, నత్తలను తిట్టిన తిట్లతో సహా. చివర 'ఈ సంగతి బయటపడితే నేను బతకను' అని కూడా ఉంది. దాని కింద గీత గీసి, "ఎవరికి తెలియాలి?" అని రాసుకున్నాడు. ఆ పక్కనే, పడవ టికెట్ల మీద రాసే ఆ పెద్ద పెద్ద అక్షరాలతో జవాబు ఉంది.

"ఎవరికీ అక్కర్లేదు. పూలు బాగున్నాయి."