ఒకసారి కదిలిన చోటు

ఎనభైల్లో తెనాలిలో మాకు భూగోళం చెప్పిన మాస్టారు, నేల ఎక్కడ విరిగినట్టు కనిపించినా వంగి అరచెయ్యి ఆనించేవారు. "ఒకసారి కదిలిన చోటే మళ్ళీ కదులుతుందర్రా" అనేవారు. పెద్ద భూకంపాలొచ్చే చోట నేల మెట్టులా తెగుతుందనీ, తిన్నగా పారే వాగు ఉన్నట్టుండి పక్కకు జరుగుతుందనీ ఆయన పాఠం. మా ప్రాంతమేమో అరిటాకులా చదును.

ఓ ఆదివారం మమ్మల్ని రేపల్లె రైలెక్కించి, దిగాక పొలాల్లోకి నడిపించారు. అక్కడ చేలకు నీళ్ళు తెస్తూ తిన్నగా వస్తున్న పంటబోదె ఒకచోట పది అడుగులు పక్కకు జరిగి మళ్ళీ తిన్నగా సాగింది. ఆ పక్కనే నేల మోకాలెత్తు మెట్టు! మాస్టారు పంచె ఎగ్గట్టి గంతేశారు. మేమూ గంతులేశాం. మాకూ ఒక భూకంపరేఖ!

"ఏంటండి, ఏం దొరికింది?" అన్నాడు గట్టు మీది ముసలి రైతు. చెప్పాం.

"అది మా వాటాల గొడవండి. మా తమ్ముడు బోదె జరిపాడు, నేను చేను మెరక చేశా."

మాస్టారి ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే వంగి, నేలకు అరచెయ్యి ఆనించి అడిగారు: "మళ్ళీ కదిలే ప్రమాదముందా, బాబాయ్?"

రైతు అవతలి గట్టు వైపు చూశాడు.

"అదుగో, పార పట్టుకుని వస్తున్నాడు. మీరు కాస్త ఎడంగా నిలబడండి."