నేను అనని ఖో

ఆ రోజు నేను ఖో అనలేదు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు. చర్చిలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేటప్పుడు కూడా, మనసు అక్కడికి రాగానే వేరే విషయంలోకి జారుకునేదాన్ని. ఏడో తరగతి నుంచి నాకు డైరీ రాసే అలవాటు. ఆ రోజు పేజీలో ‘అంపైర్‌కి వినపడలేదు’ అని ఉంది. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధమే రాసుకున్నాను.

మాది తణుకు దగ్గర, కాలవ పక్క ఊరు. హైస్కూల్లో నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడేదాన్ని కాదు. ఇంటర్వెల్‌లో లైబ్రరీ బీరువా చాటున కూర్చుని, చేతికందిన పుస్తకం చదువుకునేదాన్ని. నన్ను ఖోఖోలోకి లాగింది మా వీధి చివర ఇంటి అక్క. నేను తొమ్మిదో తరగతి, తను పది. మా స్కూలు టీమ్ కెప్టెన్. ఒకరోజు ఆలస్యమైపోయి, గేటు మూసేలోపు నేను పరిగెత్తుకుంటూ రావడం చూసింది.

"ఇంత పరుగు పెట్టుకుని బీరువా వెనకాల దాక్కుంటావేంటే? సాయంత్రం గ్రౌండ్‌కి రా. రాకపోతే మీ ఇంటికొచ్చి మీ అమ్మగారి ముందే లాక్కెళ్తాను."

నాకు పరుగు వచ్చు. గొంతే రాదు. ఖోఖోలో తరిమే జట్టువాళ్ళు గీత మీద ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి కూర్చుంటారు. తరిమే అమ్మాయి వాళ్ళలో ఒకరి వీపు తట్టి ‘ఖో’ అంటే ఆమె లేచి తరుముతుంది, ఈమె ఆ చోట్లో కూర్చుంటుంది. తట్టడం ఒక్కటే చాలదు. అంపైర్‌కి వినపడేలా అనాలి. అనకపోతే ఫౌల్. ఆ పరుగులో ఎవరిని పట్టుకున్నా లెక్కలోకి రాదు. నా ఖో పళ్ళు దాటి బయటికి వచ్చేది కాదు.

కోతలయ్యాక మా గ్రౌండ్ నిండా ధాన్యం ఆరబోసేవారు. ఆ రోజుల్లో కాలవ గట్టు మీద ప్రాక్టీసు. అక్క వంతెన దాటి అవతలి గట్టుకెళ్ళి నాకు వీపు పెట్టి కూర్చునేది. నేను ఇవతల నుంచి ఖో అనాలి, వినపడితే తను లేస్తుంది. మొదటి రోజు ఎంతసేపటికీ లేవలేదు. రేవులో బట్టలుతుకుతున్న ఒకావిడ నవ్వింది.

"పిల్లా, పిలుస్తున్నావా, ఆవలిస్తున్నావా?"

అక్క తల తిప్పకుండానే అరిచింది. "నవ్వకండి పిన్నిగారూ. గుడ్డు పగిలింది, పిల్ల ఇప్పుడే బయటికొస్తుంది."

మూడో వారంలో లేచింది. లేచి, గట్టు మీద ఒంటరిగా గంతులేసింది. ఆ తర్వాత క్లాసులో హాజరు పలికినప్పుడు కూడా సార్ రెండోసారి నా పేరు పిలవాల్సిన పని లేకపోయింది.

అక్కవాళ్ళ నాన్న పొలం పనులకి వెళ్ళేవారు. రాష్ట్ర జట్టులోకి తీసుకుంటే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, ఇంటర్ చదువు. లేకపోతే పదితో సరి అని ఇంట్లో చెప్పేశారు. తను వ్యాయామం టీచరు కావాలనుకునేది. "ట్రాక్‌సూట్ వేసుకుని మెళ్ళో విజిల్ వేసుకుని వస్తుంటే, మా నాన్న గట్టు దిగి దారివ్వాలి" అనేది. వయసు లెక్కన అదే తన ఆఖరి ఏడాది.

జిల్లా పోటీల ఫైనల్ రోజు రాష్ట్ర జట్టు సెలెక్టర్లు గీత పక్కనే కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఆఖరి నిమిషంలో ఒక్క పాయింటు వస్తే సమానమవుతాం. నేను తరుముతున్నాను. పరిగెత్తే అమ్మాయి అక్క కూర్చున్న చోటు ముందుకి వచ్చింది. అక్క వీపు మీద చెయ్యి వేశాను. అంతమంది జనం, అన్ని అరుపులు. నోరు తెరిచాను గానీ గొంతు రాలేదు. వీపుకి చెయ్యి తగలగానే అక్క ఎగిరి ఆ అమ్మాయిని పట్టేసింది. అంపైర్ విజిల్ ఊదాడు. ఫౌల్. పాయింటు లేదు. ఆట అయిపోయింది.

అక్క నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "అన్నావు కదే?"

నేను అవునన్నట్టు తల ఊపాను.

అంపైర్ వచ్చాడు. "ఊపడం కాదమ్మా, నోటితో చెప్పు. అన్నావా లేదా?"

నాకు ఏడుపొచ్చేసింది. ఒక్క మాట. లేదండి అంటే అయిపోయేది. ఓడిపోయేవాళ్ళం, అంతే. కానీ అక్క అప్పటికే నా ముందుకి వచ్చి నిలబడింది.

"పిల్లని ఏడిపిస్తారేంటండీ? మీకు వినపడకపోతే దానిదా తప్పు? చెవులు ఇంట్లో పెట్టొచ్చారా?"

అంపైర్ వెళ్ళమన్నాడు. అక్క వెళ్ళలేదు. ఛాతీ మీద నంబరు గుడ్డ పీకి అతని కాళ్ళ దగ్గర పడేసింది. కుర్చీల్లో ఒకాయన పక్కనున్నాయనతో ఏదో అన్నాడు. ఆయన కాగితం మీద గీత గీశాడు. అది నేను చూశాను. చూసి కూడా అక్క వెనకాలే నిలబడి ఏడ్చాను.

సాయంత్రం చదివిన జాబితాలో అక్క పేరు లేదు. నా పేరు ఉంది. పరుగు బాగుందట, ఇంకా వయసుందట. బస్సులో అక్క నా తల తన భుజం మీద పెట్టుకుంది. తణుకు నుంచి ఊరిదాకా నా వీపు నిమురుతూనే ఉంది.

ఆ వేసవిలో తను రొయ్యల ఫ్యాక్టరీలో పనికి చేరింది. పొద్దున్నే వ్యాన్ వచ్చేది. ఐసులో నాని వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి ఉండేవి. నేను హాస్టల్‌కి వెళ్ళాను. పది, ఇంటర్, డిగ్రీ అక్కడి నుంచే. ఇప్పుడు రాజమండ్రిలో వ్యాయామ విద్య కోర్సు చేస్తున్నాను. వేకువనే లేవడం, ఓడిపోయిన మర్నాడు మళ్ళీ గ్రౌండ్‌కి వెళ్ళడం, నలభై మంది పిల్లల ముందు నిలబడి మాట్లాడటం, ఇవన్నీ నాకు ఆటే నేర్పింది. టీచర్నవ్వాలన్న కోరిక మాత్రం నాది కాదు, అక్కది. ఆటలు నిజాయితీ నేర్పుతాయని పరీక్షలో నాలుగు పేజీలు రాసి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాను. ఆ పేపరు ఇంటికి తేలేదు.

కిందటేడు టీచింగ్ ప్రాక్టీసుకి ఒక స్కూలుకి వెళ్ళినప్పుడు, ఆటలో ఆరో తరగతి పిల్ల ఒకతె చెయ్యెత్తింది. "మేడమ్, నేను ఖో అనలేదండి" అంది. ఎవరూ అడగలేదు. జట్టు పిల్లలు దాన్ని తిట్టారు. అది మోకాళ్ళ దుమ్ము దులుపుకుని వెళ్ళి కూర్చుంది. నేను నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను.

అదే వారం అమ్మ ఫోన్‌లో చెప్పింది, అక్క ఇంటిపనికి కువైట్ వెళ్తోందని. సెలవు పెట్టి తణుకు బస్టాండ్‌కి వెళ్ళాను. అక్క వెళ్ళాక కొన్నాళ్ళు మెసేజిలు పెట్టాను. ఇప్పుడు ఆ నంబరు పనిచెయ్యడం లేదు. వాళ్ళమ్మకి మాత్రం ఏ రెండు నెలలకో ఒకసారి ఎవరిదో ఫోన్ నుంచి మాట్లాడుతుందట. నా గురించి అడిగిందో లేదో నేను అడగలేదు.

ఆ రోజు బస్టాండ్‌లో తను నా ట్రాక్‌సూట్ చెయ్యి పట్టుకుని గుడ్డ నాణ్యం చూసింది. బాగుందంది. హైదరాబాద్ బస్సు స్టార్ట్ చేశారు. తను ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. నేను కిటికీ కిందకి వెళ్ళాను.

"అక్కా, ఆ రోజు ఫైనల్లో నేను..."

తను నవ్వింది. జాలితో నవ్విన నవ్వు కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అనుమానపడిన మొహం కాదది. కిటికీలోంచి చెయ్యి చాపి నా చెంప తట్టింది.

"ఇంకా అదే పట్టుకుని వేలాడుతున్నావా, పిచ్చి మొహమా? నువ్వు అన్నావే. ఈ చెవులతో నేను విన్నాను."