పొగ లేని పొయ్యి

మొన్న ఇక్కడ న్యూజిలాండ్‌లో టౌరంగా ఊరికి వెళ్తూ దారిలో ఓ మ్యూజియం దగ్గర ఆగాం. వెనకటి ఇంగ్లీషు వలసదారుల ఊరిని మళ్ళీ కట్టి చూపిస్తున్నారు. వంటింట్లో కట్టెలపొయ్యికి మసి లేదు, గోడలకి పొగ లేదు, గదంతా లావెండర్ వాసన. పాతకాలం గౌను వేసుకున్న గైడు మా అమ్మాయి చేత తోలుతిత్తితో రెండుసార్లు గాలి కొట్టించి, ‘పయనీర్’, అంటే తొలి వలసదారు, అని బ్యాడ్జి పెట్టింది.

“సో కోజీ కదమ్మా! అమ్మమ్మ కిచెన్ కూడా ఇలాగే ఉండేదా?” అంది పిల్ల.

“అమ్మమ్మ కిచెన్‌లో ఊపిరి ఆడేది కాదు!” అని అరిచేశాను. గైడు బిత్తరపోయింది.

మీకూ గుర్తుందిగా, ఊదుగొట్టం? వానాకాలం తడికట్టెల ముందు గొంతుకూర్చుని, కళ్ళు చింతనిప్పుల్లా అయ్యేదాకా ఊదేది మా అమ్మ. మన అమ్మలంతా దగ్గుతూనే మనకి వడ్డించేవాళ్ళు. ఇప్పుడేమో మన చిన్ననాటి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఆ పొయ్యి ఫోటో పెట్టి “ఆ రుచే వేరు” అని మురిసిపోతున్నాం. సిగ్గుండాలి మనకి!

అందరికంటే ముందు నాకుండాలి. ఓరోజు బడికెళ్ళే ముందు, పాలు పొగచూరాయని గ్లాసెడూ అమ్మ కళ్ళముందే దొడ్లో పారబోశాను. ఆవిడ ఇంకో గ్లాసు కాచివ్వడానికి మళ్ళీ ఊదుగొట్టం అందుకుంది.