తాత చేని మీద విమానం

మొన్న ఆదోని నుంచి ఆలూరు పోతుంటే షేర్ ఆటో దారిలో ఆగింది. రోడ్డు పక్క చేనులో ఎవరో డ్రోనుతో పత్తికి మందు కొట్టిస్తున్నారు. ఆటోలోని వాళ్లంతా దిగి తలలెత్తి చూశారు. నేను దిగలేదు. ఆ చేను మా తాతది, అమ్మ వాళ్ల నాన్నది. ఇప్పుడు కౌలుకు పోయింది.

డిగ్రీ రెండో ఏడు వేసవిలో, విమానంలోంచి నేలనూ గాలినీ కొలిచే పరిశోధనకు విద్యార్థులను తీసుకుంటున్నారని ఎమ్మిగనూరులో మా కాలేజీ మేడమ్ చెబితే దరఖాస్తు పెట్టాను. హాజరు కూడా గట్టిగా పలకని నన్ను ఎందుకు ఎంచుకున్నారో ఇప్పటికీ తెలియదు. చిన్న విమానం, మనుషుల కంటే పరికరాలకే చోటెక్కువ. నాగలి సాళ్లు తీసినట్టు మా మెట్టపొలాల మీద అటూ ఇటూ తిరిగేది. తెర మీద నేల తేమ అంకెలు చూస్తుండడం నా పని. మొదటిరోజు అంకెల కంటే వాంతి కవరునే ఎక్కువ చూశాను. కింద ఎర్రనేల, నల్లనేల, రేకుల కప్పుల మెరుపు. తాత చేను ఏదో పోల్చుకోలేకపోయాను.

సాయంత్రం ఫోన్‌లో తాత గొంతు పండగలా ఉంది.

"తుండుగుడ్డ ఊపితి గదమ్మీ, సూడలేదా?"

"కనపడలేదు తాతా."

"నేల లోపలి తడి కనపడతాదంటివి, మీ తాత కనపడకపాయెనా! సరేలే, రేపు ఇత్తనం ఏస్తాండా."

నేను పుట్టిన ఏడు మబ్బుల్లో మందు చల్లే విమానం మా ఊరి మీదుగా పోయిందట, ఆ వారమే వాన కురిసిందట. తాత మనసులో నేనూ, విమానమూ, వానా ఒకే ముడి.

"మాది కురిపించేది కాదు తాతా, కొలిచేది. నేలలో తడి లేదు, ఆగు."

"అప్పుడు నువ్వు పుడితేనే వచ్చినాది. ఇప్పుడు నువ్వే ఎక్కి వచ్చినావు. రాక యాడికి పోతాది?"

అమ్మ చెప్పినా వినలేదు. విత్తనానికి దాచుకున్న శనక్కాయలన్నీ ఒలిపించి పొడిదుక్కిలో వేశాడు. ఆ ఏటికి వేరే విత్తనం లేదు. తర్వాత ఒక్క జల్లు పడి, మొలక తలెత్తింది. మళ్లీ చినుకు లేదు. ఎండకు మొలకంతా మాడిపోయింది.

సెలవుల చివర ఊరికి పోతే టీ హోటల్ ముందు నా పక్కనున్న తాతను ఒకాయన పలకరించాడు. "ఏమన్నా, మనవరాలు తెచ్చిన వాన యాడ నిలబడిపాయె?"

"కొలిచేదానికి వచ్చినారప్పా, కురిపిచ్చేదానికి కాదు," అన్నాడు తాత. అంతకుముందు చెవిన పెట్టని నా మాటనే, నన్ను కాయడానికి అడ్డుపెట్టాడు.

ఆ చలికాలం ఆ వయసులో సుగ్గికి పోయే ట్రాక్టర్ ఎక్కాడు. పంట పోయిన ఏడు మా వైపు వాళ్లు గుంటూరు మిరపకోతలకు వలసపోవడాన్ని సుగ్గి అంటారు. మిరపఘాటుకు దగ్గు పట్టి తిరిగొచ్చాడు. మరుసటి వాన ఆయన చూడలేదు.

మేం చివరిసారి ఎగిరిన నాటి తేమ పటం నా గది గోడకు ఉంది. మా వైపంతా గోధుమరంగు, అంటే పొడినేల. అప్పటికి గింజలు నేలలో పడ్డాయి, ఇంకా మాడలేదు. ఆ రంగులో ఎక్కడో తాత తుండుగుడ్డ భుజాన వేసుకుని, తలెత్తి మొగులు చూస్తూ నిలబడి ఉంటాడు. ఆ పటంలో పొద్దు కదలదు. నా కిటికీలో మాత్రం రోజూ గుంకుతూనే ఉంది.