గూడబాతులు తప్పుకున్న చోటు

వాన వెలిసిన ఉదయం నాంపల్లి తోట పక్కన నడుస్తుంటే తడి నాచు వాసన ముక్కుకు తగులుతుంది. నా అడుగు దానంతటదే ఆగిపోతుంది. కరుణమ్మ గారు గుర్తొస్తారు. ఆబిడ్స్‌లో ఒక సందులో ఆమెకు ఫొటో స్టూడియో ఉండేది. నాకు పని నేర్పింది ఆమే. కొల్లేటి ఒడ్డున క్రైస్తవ కుటుంబంలో పుట్టి, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చిన మనిషి.

ఒక వానాకాలం ఆ తోట చెరువులో గూడబాతులు దిగాయి. స్టూడియో తెరిచే ముందు నన్ను వెంటబెట్టుకుని వాటిని చూడ్డానికి వెళ్లేవారు. పక్షులు నెలవంకలా వరుస కట్టి, రెక్కలతో నీటిని కొడుతూ చేపల్ని ఒడ్డువైపు తోలేవి. అన్నీ ఒక్కసారే ముక్కులు ముంచేవి. ముక్కు కింది సంచి, చేలకు నీళ్లు తోడే గూడలా నిండేది. తల వంచి ఆ నీళ్లు జార్చేశాక, పలచని తోలు వెనక చేప కొట్టుకోవడం కనిపించేది. తల పైకెత్తగానే ఆ కదలిక లోపలికి జారిపోయేది. ఇంత జరిగినా ఒక్క పక్షీ కూత పెట్టేది కాదు.

అలాంటి ఒక ఉదయం, చెరువు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ వరుస రెండుగా చీలింది. ఒకచోటును తప్పుకుని వెళ్లి మళ్లీ కలిసింది. తిరిగొచ్చినప్పుడూ అంతే. కరుణమ్మ గారు నా మణికట్టు పట్టుకున్నారు. చిన్నప్పుడు తమ్ముడు కొల్లేట్లో కనిపించకుండా పోతే గూడబాతులు ఇలాగే ఒకచోటు వదిలేశాయనీ, నాన్న పడవను అక్కడికే పోనిచ్చి తమ్ముణ్ని పైకి తీశాడనీ మెల్లగా చెప్పారు. అంతకుముందు ఆ తమ్ముడి మాట నేనెప్పుడూ వినలేదు.

తోటమాలిని పిలిస్తే, "గాడ ఏం లేదమ్మా, నాచు ఉంటది గంతే," అన్నాడు. ఆమె కదల్లేదు. చివరికి అతను విసుక్కుంటూనే వెదురుగడ దించాడు. గడ మెత్తగా దేనికో తగిలింది. నీలం చొక్కా పైకి తేలింది. ముందురోజే ఒకామె, తప్పిపోయిన కొడుకు ఫొటో పెద్దది చెయ్యమని మా దగ్గరికి తెచ్చింది. అందులో ఉన్నది ఈ చొక్కాయే.

పోలీసులొచ్చి, ఆ ఫొటో తెప్పించి పోల్చి చూశారు. శవం ఇంకా ఒడ్డున ఉండగానే గూడబాతులు మళ్లీ మెట్లవైపు వచ్చాయి. ఈసారి వరుస చీలలేదు.

ఆ తల్లికి పోలీసులే చెబుతారులెండి అన్నాను. కరుణమ్మ గారు వినలేదు. ఉస్మాన్‌గంజ్‌లో ఉన్న ఆ తల్లి ఇంటికి నన్ను తీసుకెళ్లి, గడప మీద ఆమె పక్కనే కూర్చున్నారు.

"మీ అబ్బాయి పేరేంటమ్మా?"

"నర్సింగ్. ఏంది, దొరికిండా?"

"దొరికాడమ్మా," అన్నారు, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని.

కరుణమ్మ గారు పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నారు. పక్షుల సంగతి మాత్రం ఆ తల్లికి ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ స్టూడియో నేనే చూసుకుంటున్నాను. తప్పిపోయినవాళ్ల ఫొటోలు ఇప్పటికీ వస్తుంటాయి. తెచ్చినవాళ్లను ముందు కూర్చోబెట్టి, ఆ మనిషి పేరు అడుగుతాను. వాళ్లు చెప్పడం అయ్యేదాకా ముఖం పక్కకు తిప్పుకోను.