నా పరికల్పనకు దక్కిన మర్యాద

ఇప్పుడంటే చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ పరిశోధకుడే గానీ, తొంభైల చివర్లో మా రాజమండ్రిలో ఎం.ఫిల్. చేస్తున్నానని చెప్పుకోవడానికి కాస్త గుండె ధైర్యం కావాలి. "ఎమ్మే అయిపోయిందన్నావు కదరా, మళ్ళీ కాలేజీకి ఎందుకు?" అనేది మా పిన్ని. పరిశోధన చేస్తున్నానంటే, "ఏం పోయిందని వెతుకుతున్నావు?" అని నిజంగానే కంగారుపడేది. (నేను ఎమ్మే తప్పానన్న అనుమానం ఆవిడకు చివరిదాకా పోలేదు. ఆవిడ ఇంట్లోనే ఉంటూ, ఆవిడ పెట్టిందే తింటూ వాదించడం బాగుండదని ఊరుకునేవాణ్ణి.)

మా గైడు గారు పరమ సౌమ్యుడు. విద్యార్థుల్ని కూడా 'అండి' అని పిలిచే మనిషి. మొదటిరోజే కొన్ని పెద్ద మాటలు మూటగట్టి నా నెత్తిన పెట్టారు. పరికల్పన అంటే మనం ముందుగానే ఊహించుకున్న జవాబు. దత్తాంశం అంటే ఊళ్ళు తిరిగి ఏరుకొచ్చే సమాచారం. ఆ రెంటికీ ముడివేస్తే వాదం. ఆ ముడి విప్పడానికి ఎదుటివాడు దూర్చే వేలు ప్రతివాదం. "ప్రతివాదం లేని వాదం ఉప్పులేని పప్పండి" అనేవారు. నేను బుద్ధిగా తలూపేవాణ్ణి. ఆ పప్పు ఎప్పటికైనా నాకే వడ్డిస్తారని అప్పట్లో తెలీదు.

నా పరికల్పన చాలా గంభీరమైనది. అరటి రైతు గెలల్ని తోటలోనే బేరగాడికి అమ్మేసే కంటే, రావులపాలెం మార్కెట్టుకు తెచ్చుకుంటేనే బాగుపడతాడు. ఇది తేల్చడానికి ప్రశ్నావళి పట్టుకుని ఆ చుట్టుపక్కల ఉన్న మామయ్య ఇంటికి వెళ్ళాను. మామయ్య తన స్కూటరు మీద నన్ను ఇల్లిల్లూ తిప్పి, ప్రతి అరుగు మీదా ఒకటే పరిచయం చేసేవాడు. "మా మేనల్లుడండి. పెద్ద చదువు. మీరు చెప్పే నాలుగు మాటల మీదే కుర్రాడి బతుకు ఆధారపడి ఉంది." (ఈ పరిచయం చందాలకూ, పెళ్ళిచూపులకూ కూడా పనికొస్తుంది.) వాళ్ళు కొబ్బరి బొండం కొట్టి ఇచ్చేవారు. నేను మూతి తుడుచుకుని అడిగేవాణ్ణి.

"మార్కెట్టుకు తెచ్చుకుంటే లాభమేనంటారా?"

"ఆయ్, లాభమేనండి."

ఒక పెద్దాయనైతే ప్రశ్న పూర్తికాకముందే నా మోకాలు తట్టి, "మీకేది రాసుకుంటే మంచిదో అది రాసేసుకోండి బాబూ, మనలో మనకేంటి?" అన్నాడు. ఆయన అభిమానానికి కళ్ళు చెమర్చాయి గానీ, ఆయన ఏమన్నాడో బుర్రకెక్కలేదు. ఇంటికొచ్చిన మనిషిని మొహం మీద కాదనడం మా వైపు, అన్నం పెట్టి మంచినీళ్ళు ఇవ్వకపోవడంతో సమానం. అంతమంది రైతుల్లో ఒక్కరూ కాదనలేదు. నేనేమో సత్యం అంత గొప్పది కాబట్టే ఎవరూ ఎదురు చెప్పలేకపోయారని అనుకున్నాను.

గైడు గారు సంతకం పెట్టేశారు. వైవా రోజు ఖాయమైంది. ఈలోగా గోదారి వంతెన అవతల కొవ్వూరులో ఒక ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటు గారు, "వైవా అయిపోయిందని కాగితం తెచ్చుకోండి, లెక్చరర్ పోస్టు మీదేనండి" అన్నారు. అంటే ఆ ఒక్కరోజు గట్టెక్కితే ఉద్యోగం. గట్టెక్కకపోతే మామయ్య తోటలో గెలలు కోయాలి. అదీ నాకు చేతకాదు.

వైవాకు వచ్చిన పరీక్షాధికారి అనంతపురం వైపు మనిషి. నమస్కారం పెడితే తలూపి, నా థీసిస్ తిరగేయడం మొదలుపెట్టారు. గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఒక పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది. వెనక్కి తిప్పి ఇంకో పేజీ చూశారు. మళ్ళీ ముందుకు. పులి మేకను చూసినట్టు చూస్తే భయపడొచ్చు, ఆయన మేకలో ఎముకలు లెక్కపెడుతున్నట్టు చూశారు.

"మార్కెట్టుకు తెస్తే లాభమా అని అడిగినావు. అందరూ అవునన్నారు."

"అవునండి."

"తోటలోనే అమ్మితే లాభమా అని ఇంకో చోట అడిగినావు. దానికీ అందరూ అవునన్నారు."

మాటలో నిలకడ ఉందో లేదో పట్టుకోవడానికి ఆ రెండో ప్రశ్న వేయమన్నది గైడు గారే. వేశాను. ఎవరినీ పట్టుకోలేదు. ఇప్పుడది నన్ను పట్టుకుంది.

"ఏమప్పా, మీ రైతులు రెండు చోట్లా లాభపడతా ఉంటే, నష్టపోయేవాళ్ళంతా మా సీమకొచ్చినారా?"

ఆయన పెన్ను మూత తీశారు. ఆ చిన్న చప్పుడుకు నాకూ కొవ్వూరుకూ మధ్య వంతెన మొత్తం కూలింది. "దీన్ని తిప్పి పంపాల్సిందే" అన్నారు. తిప్పి పంపడమంటే ఇంకో ఏడాది. అంతకాలం ఆ లెక్చరర్ కుర్చీ నాకోసం ఖాళీగా ఉండదు. చచ్చేవాడికి ధైర్యం వస్తుందంటారు, వచ్చింది.

"సార్, మా వైపు ఇంటికొచ్చినవాణ్ణి కాదనరండి. అది మర్యాద. అందుకే అన్నిటికీ అవునన్నారండి."

"అది వాదమప్పా. ఆధారమేది?"

ఆధారం లేదు. ఆయన విసుగ్గా గైడు గారి వైపు తిరిగారు.

"ఏం సార్, ఈ అధ్యాయం శుద్ధ దండగ కదా?"

"ఆయ్, దండగేనండి" అన్నారు గైడు గారు ఎంతో వినయంగా.

"కానీ పిల్లోడు బాగా కష్టపడినాడు."

"చాలా కష్టపడ్డాడండి. మంచి అధ్యాయమండి."

పరీక్షాధికారి గైడు గారిని చూశారు, నన్ను చూశారు. నేను నేల చూపులు చూస్తూ, వీలైనంత నెమ్మదిగా అన్నాను.

"సార్... మీరిప్పుడు సేకరించింది కూడా దత్తాంశమేనండి."

ఆయన నవ్వలేదు. తర్వాత పెన్ను మూత పెట్టేశారు.

"మళ్ళీ పో. లాభమా, నష్టమా అని అడగొద్దు. పోయిన కోతకు గెలలు ఎవరికి అమ్మినావని అడుగు. మీ మామను వెంటేసుకోని పోవద్దు. తేలింది తేలినట్టు రాసుకోని రా, సంతకం పెడతా."

ఈసారి బస్సెక్కి ఒంటరిగా తిరిగాను. చాలామంది అమ్మింది తోటలోనే. కోత కూలీ, బండి బాడుగా బేరగాడే పెట్టుకుంటాడట. "మరి అప్పుడలా చెప్పారేంటండి?" అని మోకాలు తట్టిన పెద్దాయన్ని అడిగితే, "మీ మామయ్య గారి ఎదురుగా మిమ్మల్ని చిన్నబుచ్చమంటారా బాబూ?" అని ఎదురు నొచ్చుకున్నాడు. నా పరికల్పన కూలిపోయింది. కూలిన పరికల్పనకే డిగ్రీ వచ్చింది. పిన్ని మాత్రం, "అయితే వెతికింది దొరకలేదన్నమాట" అని తేల్చేసింది.

అసలు సంగతి కొవ్వూరుది. వైవా అయిన సాయంత్రమే వెళ్ళి, కాస్త ఆలస్యమవుతుందని, పోస్టు అలా ఉంచగలరా అని కరస్పాండెంటు గారిని అడిగాను. "ఎంతమాట! ఉంచుతామండి, మీరు నిదానంగా రండి" అని కాఫీ ఇప్పించారు. ఆ మాట నమ్మి నెలల తరబడి నిదానంగానే పనిచేసుకున్నాను. తీరా కాగితం పట్టుకెళితే, నా క్లాసులో ఎవరో పాఠం చెబుతున్నారు. ఆయన మళ్ళీ కాఫీ ఇప్పించి, "మీలాంటివాళ్ళు మాకు చాలా అవసరమండి" అన్నారు. మా వైపు మర్యాద మీదే పట్టా పుచ్చుకున్నవాణ్ణి, దాన్ని కాఫీతో పాటు గుటకేసి వచ్చాను.

ఆ మొదటి కాఫీ తాగిన సాయంత్రం బస్సులో వంతెన దాటుతూ, కిటికీలోంచి గోదారిని చూసుకుంటూ, తనలో తను నవ్వుకుంటున్న ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, అప్పుడప్పుడూ గుర్తొస్తుంటాడు. వెళ్ళి పక్కన కూర్చోవాలనిపిస్తుంది. "పోస్టు ఉంచుతారంటారా అండి?" అని వాడు నావైపు ఆశగా తిరిగితే, ఇంత తెలిసీ నేననేది ఒకటే.

"ఆయ్, ఉంచుతారండి."