కమానుకు గులాబీ రంగు

శంషాబాద్‌లో మా గల్లీ మొదట్లో ఒక పాత కమాను ఉంది. దాని కింద కుట్టుమిషను వేసుకుని చాచా క్యాబ్ డ్రైవర్లకు తెల్ల యూనిఫాంలు కుడతాడు. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు కూల్చాలని కమాను మీద ఎర్రగీత గీసి పోయినప్పుడు గల్లీ అంతా రెండు రోజులు బాధపడి, మూడో రోజు మరిచిపోయింది. చాచా మరిచిపోలేదు. పాత కట్టడాల జాబితాలో ఎక్కితే కూల్చరని ఎవరో చెబితే, నాతో అర్జీ రాయించాడు. డిగ్రీ చదివాను కాబట్టి ఆయన లెక్కలో నేను సగం వకీలుని.

కొన్ని నెలలకు కబురొచ్చింది, సోమవారం ఆఫీసరు చూడ్డానికి వస్తున్నారని.

పెద్దమనిషి వస్తుంటే గోడలు మాసి ఉంటే ఎట్లా? ఆదివారం గల్లీ అంతా కలిసి కమానుకు డిస్టెంపర్ వేశాం. గులాబీ రంగు. దుకాణంలో మిగిలింది అదొక్కటే. నిచ్చెన ఎక్కింది నేనే. సాయంత్రానికి కమాను కొత్త ఫంక్షన్ హాలు గేటులా మెరిసింది. చాచా మురిసిపోయి, "ఇగ ఎవరు వద్దంటరు బేటా" అన్నాడు.

సోమవారం ఆఫీసరు మేడం జీపు దిగి, కమాను కింద నుంచే నడిచి వచ్చి, "పాత కమాను ఎక్కడండీ?" అని నన్నే అడిగారు.

చూపించాను. ఆమె గోడను తాకితే వేలికి గులాబీ అంటింది. ఇది పాతదని ఏం చూసి రాయాలని చివరికి అడిగారు. చాచా కత్తెర తీసుకుని, మిషను పక్క మూలలో మెల్లగా గీకాడు. గులాబీ కింద నీలం వచ్చింది. అది పెద్ద బిడ్డ పెళ్లప్పటిదని చెప్పాడు. దాని కింద ఆకుపచ్చ, ఆయన నాయన వేసింది. ఆ కింద పసుపు ఎవరు వేశారో ఆయనకూ తెలియదు. అన్నిటి కింద పాతకాలపు డంగుసున్నం, గోరు దిగనంత గట్టిగా, అద్దంలా నున్నగా.

"మంచిగ చూసుకునుడంటే మాకు రంగేసుడేనమ్మా. తప్పయితే నా మీద రాస్కోండ్రి. కమాను మీద రాయకుండ్రి."

మేడం కింద కూర్చుని ఆ మూలను ఫొటోలు తీసుకున్నారు. ఒక్కో రంగు గురించి చాచాను మళ్లీ అడిగి రాసుకున్నారు. పోతూ పోతూ, కొత్త రంగును తడిగుడ్డతో మెత్తగా తీయమన్నారు. జాబితా వచ్చేదాకా కమానుకు ఇంకే సాయమూ చేయొద్దని చెప్పేటప్పుడు మాత్రం నన్నే చూశారు.

జాబితా ఇంకా రాలేదు. ఆదివారాలు గుడ్డ పట్టుకుని నిచ్చెన ఎక్కుతున్నాను. పోయిన వారం గులాబీ కింద నుంచి ఎర్రగీత కొస బయటపడింది. అది తడిగుడ్డకు పోయే రకం కాదు. చాచా మిషను ఆపి పైకి చూశాడు.

"ఆడ జర గులాబీ ఉండనీ బేటా."

నేను నిచ్చెన పక్కకు జరిపాను.